వేల్స్ ఏల్స్, డార్క్ బీర్లు రుచి చూడటం ఎలా: గ్లాసు కడగడం దగ్గర్నుంచి చివరి గుక్క దాకా

బ్రిటన్‌లోని వేల్స్‌కి, అంటే కార్డిఫ్‌కో స్వాన్సీకో, చదువుకోడానికి వచ్చిన పిల్లలైనా, వాళ్లని చూసి పోదామని వచ్చిన అన్నలూ బావలూ అయినా నన్ను అడిగేది ఒకటే. "పబ్‌లో నల్ల బీరు తెప్పించుకున్నాం, మాడిన కాఫీలో నీళ్లు కలిపినట్టుంది, దీన్ని వీళ్లు అంత ఇష్టంగా ఎలా తాగుతున్నారు?"

బీరులో తప్పు చాలా తక్కువసార్లు ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టినట్టున్న సీసా తీసి, చికెన్ 65 నంజుకుంటూ, అన్నిటికంటే ఘాటైన స్టౌట్‌తో (బాగా వేపిన గింజతో చేసే నల్ల బీరు) మొదలుపెడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఇంట్లో నలుగురు కూర్చుని ఒక సాయంత్రం ఐదు రకాలు సరిగ్గా రుచి చూడాలంటే ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. పబ్‌లో ఎలాగో చివర్లో ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకీ, అసలు తాగనివాళ్లకీ ఇది కాదు.

## 1. ముందు ఈ మూడు భ్రమలు వదిలించుకోండి

నలుపు అంటే కిక్కు కాదు. మన ఊళ్లలో అమ్మే స్ట్రాంగ్ బీర్లు లేత పసుపు రంగులోనే ఉండి 8 శాతం దాకా వెళ్తాయి. సౌత్ వేల్స్‌లో బొగ్గు గనుల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ దిగినవాళ్లు దాహానికి తాగిన డార్క్ మైల్డ్ అనే తేలికపాటి నల్ల బీరు చూడ్డానికి కాటుకలా ఉన్నా 3, 4 శాతం దగ్గరే ఉంటుంది. రంగు బార్లీ గింజ వేపుడు వల్ల వస్తుంది, కిక్కు పులియబెట్టడం వల్ల వస్తుంది. ఈ రెండిటికీ సంబంధం లేదు.

గ్యాస్ తక్కువ ఉంటే చప్పబడిపోయినట్టు కాదు. లాగర్‌లా (మన దగ్గర మామూలుగా దొరికే లేత పసుపు బీరు) నాలుక మీద చురచురలాడే గ్యాస్ ఏల్‌లో (లాగర్ కంటే వెచ్చటి చోట పులియబెట్టే బీరు) ఉండదు, ఉండకూడదు కూడా.

ఏల్ వెచ్చగా తాగేది కాదు. పీపాలోంచి తీసే ఏల్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. కుండలో నీళ్ల కంటే చల్లగా, ఫ్రిజ్‌లో నీళ్ల కంటే తక్కువ చల్లగా అన్నమాట. మొదటిసారి మా బావమరిది గ్లాసు పట్టుకుని "బావా, ఇందులో ఐస్ ఏదీ?" అన్నాడు. ఐస్ వేస్తే నీళ్లు కలుస్తాయి, వాసన చచ్చిపోతుంది, ఇక మిగిలేది చేదు ఒక్కటే. అదే చేదు గురించి మళ్లీ నాకే ఫిర్యాదు చేశాడు.

## 2. ఏవి తెచ్చుకోవాలి, ఏ వరసలో

అందరూ చేసే పెద్ద తప్పు ఇక్కడే. సీసాలన్నీ రంగు ప్రకారం పేర్చి లేత రంగుతో మొదలుపెట్టి నలుపుతో ముగిస్తారు. ఫొటోకి బాగుంటుంది. నాలుకకి మాత్రం వరస బలాన్ని బట్టి ఉండాలి. చేదు, ఆల్కహాల్, తీపి, వేపుడు ఘాటు, వీటిలో ఏది తక్కువైతే అది ముందు. అలా చూస్తే నల్లటి మైల్డ్ అన్నిటికంటే ముందు రావచ్చు, ఎర్రటి ఏల్ దాని తర్వాత రావచ్చు.

నేను పెట్టే వరస ఇది:

1. బ్రెయిన్స్ డార్క్. కార్డిఫ్‌ది, డార్క్ మైల్డ్. నల్లగా, తేలిగ్గా ఉంటుంది. నలుపు అంటే ఉన్న భయం పోగొట్టడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు.
2. డబుల్ డ్రాగన్, 4.2 శాతం. లనెల్లి పక్కనే ఉన్న వెలిన్‌వోయిల్ బ్రూవరీది. రాగి రంగు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, ఒద్దికైన చేదు.
3. కుచ్, 4.6 శాతం. న్యూపోర్ట్‌లో 2012లో మొదలైన టైనీ రెబెల్ వాళ్ల ఎర్ర ఏల్. 2015లో బ్రిటన్ మొత్తానికి ఛాంపియన్ బీరు అయింది. ఇందులో హాప్స్ (చేదు కోసం, వాసన కోసం బీరులో వేసే పువ్వులు) వాసన గట్టిగా ఉంటుంది, అందుకే మొదటి రెండిటి తర్వాతే పెట్టాలి.
4. డార్క్ సైడ్ ఆఫ్ ద మూస్, 4.6 శాతం. ఉత్తరాన పోర్త్‌మాడోగ్‌లోని పర్పుల్ మూస్ వాళ్లది. వేపుడు రుచి, పండు రుచి, చేదు మూడూ ఉంటాయి.
5. స్టే పఫ్ట్, 5.2 శాతం. ఇదీ టైనీ రెబెల్‌దే, మార్ష్‌మాలో పోర్టర్. పోర్టర్ అంటే స్టౌట్‌కి దగ్గరి చుట్టమైన నల్ల బీరు. తీపి బాగా తగులుతుంది కాబట్టి చివరికే. దీన్ని ముందు తాగితే మిగతావన్నీ నీళ్లలా అనిపిస్తాయి.

ఇవే దొరకాలని లేదు. తేలికైన డార్క్ ఒకటి, రాగి రంగుది ఒకటి, హాప్స్ ఎక్కువున్నది ఒకటి, వేపుడు ఎక్కువున్నది ఒకటి, తియ్యటిది ఒకటి ఉంటే చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఏదైనా మైక్రోబ్రూవరీలో స్టౌట్, అంబర్ ఏల్ తెప్పించుకుని ఇదే పద్ధతి చేయొచ్చు, రుచులు మాత్రం వేల్స్‌వి కావు.

కొలత: నలుగురికి ఒక్కో రకం 500 మిల్లీలీటర్ల సీసా ఒకటి, మనిషికి 125 మిల్లీలీటర్లు. ఐదు రకాలకీ కలిపి 625, అంటే పబ్ కొలతలో ఒక పైంట్ (568 మిల్లీలీటర్లు) కంటే కాస్త ఎక్కువ. ఇంతకు మించి పోయకండి, మూడో గ్లాసు నుంచి అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

పేర్లు పలకడం: వేల్స్ వాళ్ల భాష వెల్ష్‌లో ఒంటి ఎఫ్‌ని వ అంటారు, అందుకే Felinfoel అని రాసి వెలిన్‌వోయిల్ అని పలుకుతారు. బీరుని వాళ్ల భాషలో కూరూ అంటారు, మనవాళ్లు ఎవరూ మర్చిపోరు. కుచ్ అంటే కావలించుకోవడం.

## 3. ముందురోజు చేసుకోవాల్సిన పనులు

సీసాలు నిలబెట్టి ఉంచండి. కొన్ని సీసాల అడుగున ఈస్ట్ ఉంటుంది. పడుకోబెడితే అది పక్కకి అంటుకుని, పోసేటప్పుడు మొత్తం కలిసిపోతుంది. ఒక రోజు కదపకుండా నిలబెడితే అడుక్కి దిగుతుంది. కిటికీ పక్కన పెట్టొద్దు, వెలుతురు తగిలితే హాప్స్ పాడై ఒకరకమైన కంపు కొడతాయి. గాజు తెల్లగా ఉన్న సీసాల్లో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

గ్లాసులు కడిగి పరీక్షించండి. మామూలుగా కడిగిన గ్లాసు చాలదు. గిన్నెలు తోమిన స్క్రబ్బర్‌తో గ్లాసు తోమితే నూనె జిడ్డు అంటుకుంటుంది, నురగ నిలవదు. కొత్త స్పాంజి, కొద్దిగా సబ్బు, ఆ తర్వాత వేడినీళ్లతో రెండు మూడు సార్లు తొలవడం, బోర్లించి గాలికి ఆరబెట్టడం. గుడ్డతో తుడవొద్దు, గుడ్డ వాసన గ్లాసుకి పడుతుంది.

పరీక్ష సులువే. తడి గ్లాసు లోపల చిటికెడు ఉప్పు చల్లండి. అంతటా సమానంగా అంటుకుంటే గ్లాసు శుభ్రం. ఎక్కడ అంటుకోలేదో అక్కడ జిడ్డు ఉన్నట్టు. మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు మా ఇంట్లో ఆరు గ్లాసుల్లో ఒక్కటి కూడా నెగ్గలేదు. మళ్లీ కడిగి, ఉప్పు పోయేలా తొలిచి పెట్టుకోండి.

ఆకారం గురించి పెద్దగా ఆలోచించకండి. మూతి కాస్త లోపలికి ఒంగిన వైన్ గ్లాసు ఉంటే వాసన నిలుస్తుంది. స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ కప్పు మాత్రం వద్దు.

బార్లీ వేపి పెట్టుకోండి. ఈ పని ఎవరూ చెప్పరు, కానీ డార్క్ బీరు అర్థం కావాలంటే దీన్ని మించింది లేదు. బీరులో మాల్ట్ అన్నా మన రాగి మాల్ట్ అన్నా ఒకటే సంగతి, మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. అక్కడ రాగులు, ఇక్కడ బార్లీ. నలుపు అంతా ఆ గింజని ఎంత వేపారన్నదాన్ని బట్టి వస్తుంది.

కొట్లో దొరికే మామూలు బార్లీ గింజలు మూడు గుప్పెళ్లు తీసుకోండి. సన్న సెగ మీద మూకుడులో విడివిడిగా వేపండి. మొదటి గుప్పెడు సున్నుండలకి మినపప్పు వేపినట్టు, కమ్మటి వాసన రాగానే దించండి. రెండోది ముదురు గోధుమ రంగు దాకా. మూడోది కాఫీ గింజ రంగు వచ్చి, ఇంకో పది సెకన్లు ఉంచితే మాడిపోతుంది అనిపించే దాకా. మూడు చిన్న గిన్నెల్లో పోసి మూత పెట్టండి. కిటికీలు తెరిచి చేయండి, లేకపోతే పొగ అలారం మోగి పక్క ఫ్లాట్ వాళ్లు కూడా రుచి చూడ్డానికి వస్తారు. ముందురోజే చేయమన్నది అందుకే, ఆ వాసన ఇంట్లోంచి పోవాలి.

## 4. ఆ రోజు: చల్లదనం, ఇల్లు, నోరు

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్న సీసా 12కి రావడానికి వేల్స్‌లో మామూలు గదిలో గంట పైనే పడుతుంది. హైదరాబాద్ ఎండల్లో అయితే అరగంట చాలు. థర్మామీటర్ అక్కర్లేదు, సీసా పట్టుకుంటే చల్లగా ఉండాలి గాని వేళ్లు జివ్వుమనకూడదు. పైన తేమ పట్టి చుక్కలు కారుతుంటే ఇంకా ఆగండి.

- [ ] అగరుబత్తి, రూమ్ స్ప్రే, సెంటు వద్దు
- [ ] గంట ముందు నుంచి తాలింపు, చేపల వేపుడు వద్దు
- [ ] పుదీనా టూత్‌పేస్ట్, వక్కపొడి, సిగరెట్ గంట ముందే ఆపేయాలి
- [ ] భోజనం చేసి ఉండాలి, ఖాళీ కడుపుతో కూర్చోవద్దు
- [ ] మామూలు నీళ్లు, ఉప్పు లేని మరమరాలు లేదా చప్పటి బిస్కెట్లు
- [ ] తెల్ల కాగితం, పెన్ను
- [ ] మిగిలింది పారబోయడానికి ఒక గిన్నె
- [ ] కారు తాళాలు దాచేయడం. వేల్స్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30. "లెక్క ప్రకారం పర్వాలేదులే" అని బండి తీసేవాళ్లని నేను పిలవను

## 5. పోయడం

గ్లాసుని ఏటవాలుగా పట్టి, పక్క గోడ మీదుగా నెమ్మదిగా పోయండి. సగం నిండాక గ్లాసు నిలబెట్టి మధ్యలో పోయండి, వేలెడు నురగ వస్తుంది. నురగ లేకుండా పోసి గొప్పగా చూపించేవాళ్లు ఉంటారు. ఆ నురగలోంచే కదా వాసన పైకి వచ్చేది.

అడుగున ఈస్ట్ ఉన్న సీసా అయితే చారు మీద తేట వంచినట్టు, చెయ్యి వణక్కుండా, మధ్యలో ఆపకుండా, నాలుగు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని ఒకే వంపులో పోయాలి. మధ్యలో సీసా నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి కలుస్తుంది. చివరి వేలెడు సీసాలోనే వదిలేయండి. కలిసిపోయినా ప్రమాదమేమీ లేదు, రుచి కాస్త మొద్దుబారి బ్రెడ్ పిండిలా అనిపిస్తుంది, అంతే.

## 6. చూడటం, వాసన

చూడటం అర నిమిషం పని. ఫోన్ టార్చ్ వేసి గ్లాసు వెనక పెట్టండి. "నల్లటి" బీరు చాలావరకు నలుపు కాదని తెలుస్తుంది. అంచుల్లో దానిమ్మ గింజ రంగో, ముదురు చింతపండు రసం రంగో ఉంటుంది. రాసుకుని ముందుకి వెళ్లండి.

వాసన దగ్గర మాత్రం తొందరపడొద్దు. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు చేసే పనే, జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా చప్పగా ఎందుకుంటుందో గుర్తు చేసుకోండి.

1. గ్లాసు మూతి మీద అరచెయ్యి మూసి రెండు మూడు సార్లు తిప్పండి.
2. చెయ్యి తీసి, చిన్నగా రెండుసార్లు పీల్చండి. దీర్ఘంగా ఊపిరి లాగొద్దు.
3. గ్లాసు పక్కన పెట్టి మీ చొక్కా చేతిని వాసన చూడండి. వింతగా ఉంటుంది గాని ముక్కుకి తెరిపి ఇస్తుంది.
4. ఇప్పుడు వేపిన బార్లీ మూడు గిన్నెల మూతలు తీసి ఒక్కొక్కటీ వాసన చూసి, మళ్లీ గ్లాసు దగ్గరికి రండి. ఏ గిన్నెకి దగ్గరగా ఉంది?
5. తోచింది తెలుగులో రాసుకోండి.

ఈ ఐదోది ముఖ్యం. లేబుళ్ల మీద ట్రీకిల్, టాఫీ, ప్లమ్ అని రాసి ఉంటుంది. మీరు చిన్నప్పుడు ట్రీకిల్ తినలేదు, ఆ మాట పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. మీ ముక్కుకి తెలిసినవి వేరే ఉన్నాయి, వాటితోనే వెతకండి:

- పొయ్యి మీద కాలిన రొట్టె, వేపిన శనగపప్పు: తక్కువ వేపిన మాల్ట్. డబుల్ డ్రాగన్‌లో చూడండి.
- బెల్లం పాకం, ఖర్జూరం, కిస్‌మిస్: క్రిస్టల్ మాల్ట్. గింజ తడిగా ఉండగానే వేడి చేస్తారు, లోపలి పిండి చక్కెరగా మారి ఆ చక్కెర పాకంలా గట్టిపడుతుంది. ఎర్ర ఏల్స్ రంగు ఎక్కువగా దీనిదే.
- కాఫీ పొడి, కోకో: చాక్లెట్ మాల్ట్. పేరులోనే చాక్లెట్, గింజలో చాక్లెట్ ఉండదు. ఆ రంగుకి వేపుతారు కాబట్టి ఆ పేరు.
- డికాక్షన్ అడుగు, కాస్త మాడు: మాల్ట్ చేయకుండా నేరుగా వేపిన బార్లీ. పొడిపొడిగా ఉండే స్టౌట్లలో వచ్చేది ఇదే.
- బత్తాయి తొక్క, పచ్చి మామిడి, గడ్డి: హాప్స్. కుచ్‌లో ఇవి ముందు వస్తాయి.

నాలుగో గ్లాసు దగ్గర ఒకావిడ "మా అమ్మమ్మ వాళ్ల అటక వాసన" అని రాసింది. మేమంతా నవ్వాం. అటక మీద ఏముండేవని అడిగితే పాత బెల్లం కుండ, గోనెసంచులు అంది. మళ్లీ వాసన చూస్తే నిజంగానే ఉంది. లేబుల్ మీద మాట కంటే అది నాకు బాగా గుర్తుండిపోయింది.

## 7. రుచి

మొదటి గుక్క లెక్కలోకి రాదు, నోరు అలవాటు పడటానికే. రెండోది చిన్నది తీసుకుని, మూడు నాలుగు సెకన్లు నాలుక అంతా తిప్పి, మింగండి. వైన్ వాళ్లలా ఉమ్మేయొద్దు, బీరు చేదు మింగాకే పూర్తిగా తెలుస్తుంది. మింగిన వెంటనే నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. వాసన ఇంకోసారి, ఈసారి లోపల్నుంచి వస్తుంది. ఈ ఒక్క పని నేర్చుకుంటే సగం వచ్చేసినట్టే.

ఇక ఒక్కో గుక్కకీ ఒక్కో ప్రశ్న. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి.

తీపి ఎంత? ముందు తగిలి పోతుందా, చివరిదాకా ఉంటుందా?

బీరు ఒళ్లు, అంటే చిక్కదనం, ఎలా ఉంది? నీళ్లలా, పల్చటి మజ్జిగలా, గంజిలా? మైల్డ్ పల్చగా ఉండటం లోపం కాదు.

చేదా, వగరా, మాడా? తెలుగువాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది. చాలామంది ఈ మూడిటినీ కలిపి చేదు అనేసి గ్లాసు పక్కన పెట్టేస్తారు. మనకి వగరు అని విడిగా రుచి ఉంది, దాన్ని వాడుకోండి. కాకరకాయలా, మెంతుల్లా నాలుకని పట్టేది చేదు, అది ఎక్కువగా హాప్స్‌ది. జామ పిందె కొరికినప్పుడు, నేరేడు పండు తిన్నప్పుడు నాలుక గరుకై బుగ్గలు లోపలికి లాక్కున్నట్టుంటే అది వగరు, రుచి కంటే ఎక్కువగా స్పర్శ. డార్క్ బీరులో గింజ పొట్టు నుంచీ, వేపుడు నుంచీ వస్తుంది. కాస్త ఉంటే బాగుంటుంది, నోరంతా పట్టేస్తే తయారీలో తేడా జరిగినట్టు. దోసె అడుగు అంటినట్టుండేది మాడు. "నాకు డార్క్ బీరు పడదు, చేదు" అనేవాళ్లలో చాలామందికి పడనిది నిజానికి వగరే. అలాంటివాళ్లకి మైల్డ్ ఇస్తే హాయిగా తాగుతారు.

పులుపు ఉందా? బాగా వేపిన గింజ సహజంగానే కొంచెం పులుపు ఇస్తుంది, పాలు లేని కాఫీలో ఉన్నట్టు. అంతవరకు సరే.

ఎంతసేపు నిలిచింది? మింగాక అంకెలు లెక్కపెట్టండి. ఐదుకే పోయిందా, ఇరవై దాకా ఉందా?

రకానికీ రకానికీ మధ్య నీళ్లు పుక్కిలించి, నాలుగు మరమరాలు నమిలి, ఐదు నిమిషాలు ఆగండి. ఐదూ అయ్యాక మొదటి గ్లాసులో కాస్త మిగుల్చుకున్న బ్రెయిన్స్ డార్క్ దగ్గరికి మళ్లీ రండి. మొదట నల్లగా, ఘాటుగా అనిపించినది ఇప్పుడు మెత్తగా, దాదాపు టీలా ఉంటుంది. ఐదూ కొంచెం కొంచెం వెచ్చబడ్డాక ఏది మెరుగైంది, ఏది దిగజారింది అన్నది కూడా రాసుకోండి.

రాత ఎలా ఉండాలంటే, డార్క్ సైడ్ ఆఫ్ ద మూస్ మీద నా కాగితం ఇది: "అంచు చింతపండు రంగు. రెండో గిన్నె బార్లీ, వెనక నల్ల ఖర్జూరం. ఒళ్లు పల్చటి మజ్జిగ. చేదు మధ్యలో మొదలై చివర్లో పెరిగింది, వగరు కొంచెమే. 15 లెక్కపెట్టాను. వెచ్చబడ్డాక ఇంకా బాగుంది." నక్షత్రాలు, మార్కులు వేయొద్దు. ఆర్నెల్ల తర్వాత 7.5 అన్న అంకె చూస్తే ఏమీ గుర్తుకు రాదు.

## 8. ఏదో తేడాగా ఉందే అనిపిస్తే

- తడిసిన అట్టపెట్టె వాసన: గాలి తగిలి పాతబడింది. తేదీ చూడండి. చేసేదేమీ లేదు.
- పులిసిన కల్లు, వెనిగర్: బాక్టీరియా పట్టింది. పారబోయండి.
- పచ్చి ఆపిల్: బీరు పూర్తిగా పక్వానికి రాకముందే బయటికి వచ్చింది.
- వెన్న, బటర్‌స్కాచ్: డయాసిటైల్ అనే పదార్థం. ఏల్స్‌లో లేశమాత్రంగా ఉంటే కొందరికి ఇష్టమే. నోరు జిడ్డుగా అయితే మాత్రం లోపం.
- ఉడికించిన మొక్కజొన్న: లేత రంగు బీర్లలో ఎక్కువ. డార్క్‌లో వేపుడు కింద దాక్కుంటుంది.
- అసలు వాసనే లేదు: బీరు మరీ చల్లగా ఉంది. గ్లాసుని రెండు అరచేతులతో పట్టుకుని ఐదు నిమిషాలు ఉండండి.
- నురగ చటుక్కున పడిపోయింది: గ్లాసులో జిడ్డు. లేదా మీ మూతికి ఉన్న వేపుడు నూనె, లిప్‌స్టిక్.
- అన్నీ ఒకేలా ఉన్నాయి: నాలుక అలిసింది. ఆపేయండి, రేపు చూసుకోవచ్చు.

## 9. పబ్‌లో అయితే

బార్ మీద పొడుగాటి పిడులు కనిపిస్తాయి. చేత్తో లాగి పోసేవి అవే, పీపాలోనే ఇంకా పక్వమవుతూ ఉండే ఏల్ వాటిలోంచే వస్తుంది. పిడి మీద బిళ్లలో పేరు, ఆల్కహాల్ శాతం ఉంటాయి. పక్కన చిన్న కుళాయిల్లో వచ్చేవి ఎక్కువగా గ్యాస్ పెట్టినవి, చల్లటివి.

తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోతే మంచిది, ఆ తర్వాత రుచి తగ్గుతూ వస్తుంది. అందుకని పది పిడులున్న ఖాళీ పబ్ కంటే మూడు పిడులున్న నిండు పబ్ నయం. "ఇవాళ ఎక్కువ పోయేది ఏది?" అని మొహమాటపడకుండా అడగండి. పబ్ తెరవగానే మొదటి పైంట్ మీరే తీసుకోకండి, రాత్రంతా గొట్టంలో నిలవున్న బీరు అదే కావచ్చు, మంచి పబ్ వాళ్లు దాన్ని ముందే లాగి పారబోస్తారు.

రెండు గుక్కలు రుచి చూపించమంటే చాలా చోట్ల ఇస్తారు. రద్దీగా ఉన్నప్పుడు నాలుగు రకాలు అడిగి వెనకాల వాళ్లని నిలబెట్టొద్దు. పైంట్ బదులు సగం తీసుకోండి, అది 284 మిల్లీలీటర్లు. కొన్నిచోట్ల మూడో వంతు కూడా ఇస్తారు, 189. అలా మూడు రకాలు తీసుకుంటే మొత్తం ఒక పైంటే.

బీరు వెనిగర్‌లా ఉందనుకోండి, సగం తాగాక చెప్పకూడదు. రెండు గుక్కలకే గ్లాసు తీసుకెళ్లి "ఇది కాస్త పులిసినట్టుంది, చూస్తారా?" అంటే చాలు, మంచిచోట మారుస్తారు. నేను వచ్చిన కొత్తలో గొడవెందుకని ఒక చోట పులిసిపోయిన పైంట్ ముక్కు మూసుకుని పూర్తి చేశాను. బార్‌లో ఉన్నాయన గ్లాసు తీస్తూ వాసన చూసి "ఇది తాగారా మీరు?" అన్నాడు.

శాకాహారులకి ఒక మాట. పీపాలోని ఏల్‌ని తేట పరచడానికి చాలాచోట్ల ఐసిన్‌గ్లాస్ వేస్తారు. అది చేపల గాలితిత్తి నుంచి తీసేది. అందరూ వాడరు, వీగన్ అని రాసి ఉంటే సందేహం లేదు, లేకపోతే అడగండి. మిల్క్ స్టౌట్‌లో పాల చక్కెర ఉంటుంది, పాలు పడనివాళ్లు చూసుకోవాలి.

గ్లాసు ఎత్తేటప్పుడు యెఖిద్ దా అనండి, ఆరోగ్యం బాగుండాలని. ఖ దగ్గర గొంతు కాస్త గీరాలి.

## 10. తిండి

రుచి చూసేటప్పుడు మరమరాలు, చప్పటి బిస్కెట్లు తప్ప ఏమీ వద్దు. అన్నీ అయ్యాక తినొచ్చు. మిరపకారం మాత్రం తగ్గించండి, ఆల్కహాలూ చేదూ కలిసి మంటని ఇంకా పెంచుతాయి, అప్పుడు మంట చల్లార్చడానికి బీరు గటగటా తాగుతారు, అది వేరే కథ.

వేయించిన పల్లీలు డబుల్ డ్రాగన్‌తో. వేల్స్‌లో పుట్టిన కెర్ఫిల్లీ చీజ్ కాస్త పుల్లగా, ఉప్పగా, పొడిపొడిగా ఉంటుంది, మైల్డ్‌తో బాగుంటుంది. మిరియాల ఘాటున్న వేపుళ్లు ఎర్ర ఏల్‌తో సరిపోతాయి. పోర్టర్‌తో నా ఓటు సున్నుండకే. వేపిన మినుము, బెల్లం, నెయ్యి, పక్కన అదే వేపుడు వాసనున్న బీరు, ఆ రెండూ ఒకదాన్నొకటి ముందే ఎరిగినట్టుంటాయి. చాక్లెట్ కేక్ పెట్టేవాళ్లున్నారు, నాకు తీపి మీద తీపి ఎక్కదు.

సీసా అడుగున మిగిలిన డార్క్ ఏల్‌ని మర్నాడు తాగకండి, గ్యాస్ పోయి చప్పబడుతుంది. చిన్న గిన్నెలో చెంచా వెన్న, చెంచా మైదా వేపి, అందులో ఆ బీరు పావు కప్పు పోసి, తురిమిన చెడ్డార్ చీజ్ రెండు గుప్పెళ్లు, కొంచెం ఆవపొడి వేసి సన్న సెగ మీద కరిగించండి. కాల్చిన బ్రెడ్ మీద మందంగా పూసి గ్రిల్ కింద పెట్టి, పైన మచ్చలు మచ్చలుగా ఎర్రబడగానే తీసేయండి. వెల్ష్ రేర్‌బిట్ అంటే ఇదే. మా ఇంట్లో దాని మీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు కూడా వేసుకుంటాం.